దశరథం సారుకు అనుబంధం లేదట

పాలకుంట ప్రభుత్వ డిగ్రీ కళాశాల కబడ్డీ జట్టు జోనల్ పోటీల్లో గెలిచింది. గెలిచినందువల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. వచ్చిందల్లా ఆ తర్వాత పట్టిన సంతోషం వల్ల.

ఆఖరి ఈల మోగగానే కెప్టెన్ శ్రీశైలం ఒంటినిండా మట్టితో, రెండు చేతులూ బార్లా చాచి పీడీ సారు మీదికి పరుగెత్తుకొచ్చాడు. అతని వెనక జట్టంతా. పీడీ అంటే ఫిజికల్ డైరెక్టర్ బైకాని దశరథం. నల్లగా, పొట్టిగా, మెడలో ఈల వేసుకుని, ఎప్పుడూ ఎండకు కళ్లు చిట్లించినట్టుండే మనిషి. ఆయన వెనక రెండడుగుల్లో షామియానాకు కొట్టిన ఇనుప మేకు ఒకటి పొడుచుకొచ్చి ఉంది. ఈ గుంపంతా మీద పడితే ఎవడి వీపులోనో అది దిగడం ఖాయం. "మేకుందిరా, మేకు!" అని అరుస్తూ పక్కకు జరిగాడు. డప్పుల మోతలో ఆ మాట ఎవరికీ వినబడలేదు. శ్రీశైలం తన వేగాన్ని ఆపుకోలేక కాస్త అవతల నిలబడ్డ ముసలి అంపైరును కౌగిలించుకున్నాడు. అంపైరు అందుకు సిద్ధంగా లేడు. ఇద్దరూ కలిసి నీళ్ల డ్రమ్ము మీద పడ్డారు.

ఇదంతా ఎవరో ఫోనులో తీశారు. మాటలు తీసేసి, వెనక ఏడుపుగొట్టు వేణువు తగిలించి, 'ప్రేమకు నోచుకోని విజేతలు' అని పేరు పెట్టి ఊరిమీదికి వదిలారు.

మర్నాటికి పాలకుంటలో కబడ్డీ గురించి మాట్లాడేవాడే లేకుండా పోయాడు. అందరూ పీడీ సారు మనసు గురించే మాట్లాడుతున్నారు. బస్టాండు పక్క టీ హోటల్లో అభిమానుల సంఘం అత్యవసరంగా కూర్చుంది. ఆర్టీసీలో కంట్రోలరుగా రిటైరైన కటకం విద్యాసాగర్ దానికి అధ్యక్షుడు. బస్సుల రాకపోకలు చెప్పీ చెప్పీ ఆయన గొంతు మైకు లేకుండానే ఊరవతలికి వినబడేది.

"పోరగాండ్లు పానం పెట్టి ఆడి గెలిస్తే, ఒక్కసారి దగ్గరికి తీస్కుంటే ఏం పోతుండె? గాయన దిల్ల తడి లేదు," అన్నాడు విద్యాసాగర్.

"తడి లోపలుంటది సాబ్," అన్నాడు గడియారాలు బాగుచేసే మునీర్ భాయ్. "గడియారం మీద ముల్లు కనబడ్తది. నడిపిచ్చే స్ప్రింగు కనబడ్తదా?"

"నాకు ముల్లు కనబడాలె!"

అట్లా అభిమానులు రెండుగా చీలిపోయారు. ఒకటి బయటి ప్రేమ వర్గం. రెండోది లోపలి ప్రేమ వర్గం. హోటలాయన తెలివిగా రెండు వర్గాలకూ వేరు వేరు బెంచీలు వేయించాడు. వారం తిరిగేసరికి చౌరస్తాలో ఫ్లెక్సీలు వెలిశాయి. ఒకదానిమీద దశరథం ముఖం పక్కన ఐసుగడ్డ బొమ్మ. ఇంకోదానిమీద అదే ముఖం పక్కన కొబ్బరికాయ. లోపల నీళ్లుంటాయని భావం.

దశరథం ఆ దారిన సైకిలు మీద పోతూ రెండూ చూశాడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, తింటూ భార్య అనసూయను అడిగాడు.

"నేను పోరగాండ్లతోని మంచిగుంటనా లేదా?"

"నన్నడుగుతున్నవా? లగ్గమైనప్పటి సంది నన్నొక్కసారన్న 'మంచిగున్నవా' అని అడిగినవా నువ్వు?"

"మంచిగనే ఉంటివి గదా. ఎందుకడగాలె?"

అనసూయ కంచంలో ఇంకో రొట్టె వేసింది. దశరథానికి మాత్రం ఆ రొట్టె సాఫీగా దిగలేదు. ఇరవై ఏళ్లుగా పిల్లలకు ఎట్లా పట్టాలో, ఎట్లా వదలాలో, ఎట్లా పడాలో నేర్పుతున్నాడు. వాళ్లమీద తనకేముందో ఎన్నడూ వెతికి చూసుకోలేదు. ఏదో ఉందని మాత్రం తెలుసు. పిల్లవాడు రైడుకు పోయి తిరిగి గీత తొక్కేదాకా తన ఊపిరి కూడా ఆగిపోతుంది. దాన్నేమంటారో ఆయనకు తెలియదు.

విద్యాసాగర్ ఊరుకోలేదు. ఈ విషయం తేల్చమని విశ్వవిద్యాలయానికి రాసి పంపాడు. మామూలుగా అయితే అక్కడికి వెళ్లిన కాగితం అక్కడే కన్నుమూసేది. కానీ ఆ ఏడే వీసీ గారు ఏదో సదస్సుకు పోయి, ఆట కంటే అనుబంధం మిన్న అని విని వచ్చి, ఏకంగా ఒక విభాగమే తెరిచి ఉన్నారు. ఆ విభాగానికి కుర్చీలొచ్చాయి, అధికారులొచ్చారు, పనే ఇంకా రాలేదు. పాలకుంట కాగితం చేతిలో పడగానే వాళ్ల ప్రాణం లేచొచ్చింది. శిక్షక క్రీడాకారుల అనుబంధ నిర్ధారణ సంఘం కారు కట్టుకుని దిగింది.

సంఘానికి పెద్ద డాక్టర్ వెల్దండ ఉపేందర్. సన్నటి మనిషి, ఇస్త్రీ చేసిన మాట. ప్రిన్సిపాలు గారు తెచ్చిన పూలదండను తానే మెడలో వేసుకుని కూర్చున్నాడు.

"అనుబంధమనునది కొలువదగినదై ఉండవలెను," అన్నాడాయన. "కొలువ వీలుకానిది ప్రభుత్వ దృష్టిలో లేనట్లే పరిగణింపబడును. క్రీడాకారులను ప్రవేశపెట్టుడు."

ముందు శ్రీశైలాన్ని నిలబెట్టారు.

"మీ శిక్షకుడు మిమ్ములను ఏమని సంబోధించును?"

"గాడిద అంటడు సార్."

"ఎల్లవేళలనా?"

"లేదు సార్. తప్పు చేస్తేనే. మంచిగ ఆడితే ఏమనడు."

ఉపేందర్ పక్కవాళ్ల వైపు తల తిప్పాడు. "అనగా, బాగుగా ఆడిన సమయమున సంబంధము శూన్యము."

తర్వాత అంజి వచ్చాడు. జట్టులో చిన్నవాడు. పాములా జారి అవతలివాళ్ల కాలు పట్టేస్తాడని పేరు. సారు మంచోడని ఎట్లాగైనా చెప్పాలని తల దువ్వుకుని మరీ వచ్చాడు.

"సార్, మా అమ్మకు జరమొస్తే పీడీ సారే దవాఖానకు తీస్కపోయిండు సార్. వానల, సైకిల్ మీద."

"ఆ సమయమున కౌగిలించుకొనెనా?"

"మా అమ్మనా సార్?"

"మిమ్ములను."

"నేను ఎనుక ఉరుక్కుంట వస్తున్న సార్."

"ఆసుపత్రికి చేర్చుట రవాణా క్రిందకు వచ్చును. అనుబంధము క్రిందకు రాదు," అని తీర్పు చెప్పాడు ఉపేందర్.

బయట వేపచెట్టు కింద నిలబడ్డ దశరథానికి ఈ మాటలన్నీ కిటికీలోంచి వినబడుతూనే ఉన్నాయి. ఆయన ఈల నోట్లో పెట్టుకుని, ఊదకుండా కొరుకుతూ ఉండిపోయాడు.

సంఘం ఆయనకు ఒక నెల గడువిచ్చింది. ఇకమీదట తప్పు ఎత్తిచూపే ముందు విధిగా ఒక ప్రశంస చేయాలి. భుజం తట్టాలి. పేరుకు ముందు ఆప్యాయతా వాచకం ఒకటి చేర్చాలి. కళ్లలో నీళ్లు తిరిగితే అదనపు గుర్తింపు ఉంటుంది, నిర్బంధం మాత్రం లేదు. నెల తర్వాత జరిగే విశ్వవిద్యాలయ ఫైనల్లో సంఘమే కూర్చుని చూస్తుంది. కప్పు ఆటకు సగం, అనుబంధానికి సగం చూసి ఇస్తారు. సరిపడా అనుబంధం లేదని తేలిన శిక్షకుణ్ణి తప్పిస్తారు.

"దశరథం గారూ, ఎట్లనన్న చేసి ప్రేమించండి," అన్నాడు ప్రిన్సిపాలు, చెమట తుడుచుకుంటూ. "కాలేజీకి గ్రేడింగొచ్చే టైము."

మర్నాడు పొద్దున ప్రాక్టీసులో దశరథం ఆ ప్రయత్నం మొదలుపెట్టాడు. అంజి కాలు పట్టబోయి తప్పిపోయాడు. దశరథం నోటిదాకా వచ్చిన మాటను మింగి, దగ్గరికెళ్లి భుజమ్మీద చెయ్యివేసి, గొంతు సవరించుకున్నాడు.

"నాన్నా... అంజీ..."

అంజి ముఖం తెల్లబోయింది. "సార్, మా ఇంట్ల ఎవరన్న సచ్చిపోయిన్రా సార్?"

"లేదు నాన్నా. నువ్వు ఉరికొచ్చుడు శానా అందంగ ఉన్నది. నీ చెయ్యి గూడ మంచి చెయ్యి. కాకపోతే అది వాని కాలు దాకా పోలేదు."

అంజి ఏడుపు మొహంతో ఇంటికి ఫోను చేసి, అందరూ క్షేమమేనని రూఢి చేసుకుని గానీ మళ్లీ బరిలోకి దిగలేదు. మిగతావాళ్లకూ కాళ్లాడలేదు. ఇన్నాళ్లూ సారు మౌనంగా ఉంటే బాగా ఆడుతున్నట్టు, తిడితే తప్పు చేసినట్టు. ఇప్పుడు పొగిడిన ప్రతిసారీ ఏం తప్పు చేశామోనని జట్టంతా కంగారుపడింది. ఆ వారం పక్క ఐటీఐ పిల్లలతో ఊరికే ఆడిన ఆటలో చిత్తుగా ఓడిపోయారు. గీత అవతల కూర్చున్న బయటి ప్రేమ వర్గం మాత్రం చప్పట్లు కొట్టింది.

"ఓడితే ఓడిన్రు గని, సారు నవ్వుడు సూసిన్రా!" అన్నాడు విద్యాసాగర్ తృప్తిగా.

"అది నవ్వు గాదు సాబ్," అన్నాడు మునీర్ భాయ్. "పన్ను నొస్తే గట్లుంటది."

ఫైనల్‌కు జనం విరగబడ్డారు. అవతలి జట్టు కోనాపురం కళాశాల. వాళ్ల కోచ్ ప్రభులింగం ఒకప్పుడు నాటకాల్లో ఆడవేషాలు కట్టినవాడు. అనుబంధ విధానం వచ్చాక ఆ విద్యకు మళ్లీ మంచిరోజులొచ్చాయి. తన రైడర్ గీత దాటి అవతలికి పోతుంటే ప్రభులింగం పైకండువా నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చేవాడు. తిరిగొస్తే ఎదురెళ్లి నుదురు ముద్దాడేవాడు. అవుటైనవాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని విసనకర్రతో విసిరేవాడు. ఉపేందర్ పక్కన కూర్చున్న సభ్యురాలొకామె ముక్కు చీది కళ్లు తుడుచుకుంది. ఆటగాళ్లు కూడా తక్కువ తినలేదు. వాళ్ల రైడర్ 'కబడ్డీ కబడ్డీ' అనే కూత మానేసి, "లింగం సార్, లింగం సార్, లింగం సార్" అంటూ బరిలోకి దిగాడు. అంపైరు ఈల నోట్లో పెట్టుకుని సంఘం వైపు చూశాడు. సంఘం కాసేపు గుసగుసలాడి, కూతలో ఊపిరి ముఖ్యం గానీ పదం ముఖ్యం కాదని, పైగా ఇది అనుకరణీయమని తేల్చింది.

పాలకుంట పిల్లలు బిక్కచచ్చిపోయారు. సారు ఉద్యోగం తమ చేతిలోనే ఉందని వాళ్లకు తెలుసు. ఆటకు ముందు శ్రీశైలం అందర్నీ దగ్గరికి పిలిచి, "ఎట్లనన్న గాని సారంటే మనకు పానమని సూపియ్యాలె" అని ఒట్టేయించుకున్నాడు. ఫలితం మొదటి రైడులోనే కనబడింది. శ్రీశైలం అవతలి గీతదాకా పోయి, ఇద్దర్ని తాకి, ఉన్నట్టుండి వెనక్కి తిరిగి సారుకు చేతులు జోడించి, "సార్, మీరే మాకు దేవుడు!" అని అరిచాడు. కూత తెగింది. పట్టేశారు. అయినా వాడు నేలమీద పడి కూడా నమస్కారం దించలేదు.

దశరథం తల పట్టుకున్నాడు. వెనక నుంచి ప్రిన్సిపాలు, "ఏడువండి సార్, కొంచెమన్న ఏడువండి" అని గొణుగుతున్నాడు.

అప్పుడు కోనాపురం రైడర్ వచ్చాడు. అంజి జారి అతని కాలు దొరకబుచ్చుకున్నాడు. చీలమండ పిడికిట్లో బిగిసింది. మిగతావాళ్లు మీద పడితే చాలు. ఆ సమయంలో అంజికి తన ఒట్టు గుర్తొచ్చింది. పట్టిన కాలు వదిలేసి, మోకాళ్లమీద లేచి, సారుకు వంగి దండం పెట్టాడు. రైడర్ ఆశ్చర్యంతో ఒక క్షణం నిలబడి, తర్వాత నింపాదిగా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

దశరథం లోపల ఏదో పట్టు తప్పింది. ఆయన గీత దగ్గరికి ఉరికాడు.

"ఓరి గాడిదా! చేతికొచ్చిన కాలు ఇడిసిపెట్టి నాకు మొక్కుడేందిరా? నేనేమన్న గుడిల రాయినా? పట్టురా! శీశైలం, నీకు కండ్లు లేవా? ఎనుక మూల ఖాళీ పెట్టి నా మొకం సూస్తవేంది? నా మొకం మీద పాయింట్లున్నయా? ఆడుండ్రి, ఆడి సావుండ్రి!"

ఉపేందర్ కలం మూత తీశాడు. విద్యాసాగర్ నోరు తెరిచి మూయడం మరిచిపోయాడు.

పాలకుంట పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నెల రోజులుగా వాళ్లమీద కమ్ముకున్నదేదో ఒక్కసారి విడిపోయింది. అంజి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. "సారు మంచిగనే ఉన్నడురా!" అన్నాడు. ఆ తర్వాత వాళ్లు ఆడిన ఆటను పాలకుంట వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 'లింగం సార్' అంటూ వచ్చినవాణ్ణి వచ్చినట్టే పట్టేశారు. కోనాపురం కోచ్ నుదుళ్లు ముద్దాడేందుకు తిరిగొచ్చినవాడే లేకపోయాడు. దశరథం గీత వెంబడి అటూ ఇటూ నడుస్తూ గొంతు పోయేదాకా తిట్టాడు. చివర్లో మాత్రం నోరు మూసుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏమీ అనడానికి లేని ఆట అది. అది చూసి శ్రీశైలానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ అవి ఆటగాడి కళ్లు కాబట్టి లెక్కలోకి రాలేదు.

ఆటలో పాలకుంట దుమ్ము లేపింది. కప్పు కోనాపురం పట్టుకుపోయింది. బహుమతి ప్రదానంలో ఉపేందర్ లేచి చదివాడు: "పాలకుంట శిక్షకునికి తన జట్టుతో గాని, వ్యక్తిగతముగా ఏ క్రీడాకారునితో గాని ఎట్టి అనుబంధమును లేదని సంఘము ఏకగ్రీవముగా నిర్ధారించుచున్నది." ప్రభులింగం ఈసారి నిజంగానే ఏడ్చాడు, ఆనందం పట్టలేక.

దశరథాన్ని కోచ్ పనిలోంచి తప్పించి, విరిగిన బల్లలు పెట్టే గదికి బాధ్యుణ్ణి చేశారు. ఆయన అక్కడ కూర్చుని, నిలబెట్టగలిగిన బల్లలకు మేకులు కొడుతూ కాలం గడిపాడు. పిల్లలు ఒక్కొక్కరే ఏదో మిషతో వచ్చి తొంగిచూసి పోయేవారు. ఆయన "పోండ్రి, ప్రాక్టీసు లేదా?" అని కసిరేవాడు. వాళ్లు సంతోషంగా పోయేవారు.

ఇట్లా ఉండగా అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు వచ్చాయి. అన్ని కళాశాలల నుంచీ మేటి ఆటగాళ్లను ఏరి ఒక జట్టు కట్టాలి. ఏరడానికి ఎంపికదారు కావాలి. నియమాల పుస్తకం తెరిచారు. ఎంపికదారుకు ఏ ఆటగాడితోనూ ఎట్టి అనుబంధమూ ఉండరాదని అందులో ఎప్పట్నుంచో ఉంది. విశ్వవిద్యాలయంలోని కోచ్‌లందరికీ గాఢమైన అనుబంధం ఉన్నట్టు సంఘం అప్పటికే ధ్రువీకరించి ఉంది. ప్రభులింగానికైతే 'అత్యంత గాఢం' అని. అనుబంధం లేదని ప్రభుత్వపరంగా రుజువైన మనిషి ఒక్కడే.

ఉపేందర్ స్వయంగా బల్లల గదికి వచ్చాడు.

"మీరే ఎంపికదారులు, మీరే జట్టు శిక్షకులు. ఇట్టి నిష్కల్మషమైన అనుబంధరాహిత్యము మన ప్రాంతమున మరెచ్చటను లేదు," అన్నాడు, ఆయన మెడలో పూలదండ వేస్తున్న ధోరణిలో. "అయితే ఒక షరతు. దానిని ఇట్లే కాపాడుకొనవలెను. మేము ఆకస్మిక తనిఖీలు జరుపుచుందుము. రవ్వంత అనుబంధము కనబడినను పదవి పోవును."

"ఇన్నొద్దులు లేదని తీసిన్రు, ఇప్పుడుంటే తీస్తరా సార్?"

"విధానము విధానమే."

ఊళ్లో కూడా గాలి మారింది. "సెలెక్షనంటే గసొంటి రాతి మనిషే కావాలె," అన్నాడు విద్యాసాగర్ టీ హోటల్లో, ఆ మాట మొదట్నుంచీ తనదే అన్నట్టు. మునీర్ భాయ్ కంటికి భూతద్దం పెట్టుకున్నాడు.

ఎంపికలు మూడు కళాశాలల మైదానాల్లో జరిగాయి. దశరథం ఎవరి ముఖమూ చూడలేదు. కాళ్లూ చేతులే చూశాడు. జట్టులో అంజి పేరుంది. కోనాపురం రైడర్ పేరు కూడా ఉంది, కూత మార్చుకోవాలన్న కట్టడితో. శ్రీశైలం పేరు లేదు.

యూనివర్సిటీకి ఆడినవాడికి పోలీసు సెలక్షన్లలో మొగ్గు ఉంటుంది. శ్రీశైలం ఇంట్లో అందరూ దానిమీదే ఆశ పెట్టుకుని ఉన్నారు. దశరథానికి అది తెలుసు. తెలిసీ రాయలేకపోయాడు. ఆ సాయంత్రం శ్రీశైలం సారు ఇంటికొచ్చి గడప బయటే నిలబడ్డాడు. అనసూయ లోపలికి రమ్మన్నా రాలేదు.

"సార్, నన్నెందుకు తీస్కోలే?"

నాన్నా అని పిలవాలా, భుజం తట్టాలా అని దశరథం ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాడు. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పాడు.

"పట్టేటప్పుడు నీ చెయ్యి ముంగట పోతది, నడుము ఎనుకనే ఉంటది. మనోళ్ల మీద నడుస్తది. బయటోళ్లు బలంగుంటరు, నిన్ను ఈడ్సుకపోతరు. తీస్కుంటే నీకు బుజం ఇరుగుతది."

"గిది ముందుగాల చెప్పాలె గద సార్."

"చెప్పాలె. చెప్పాల్సినప్పుడు ఆ నెలంతా నిన్ను పొగుడుకుంట కూసున్న." "వచ్చే ఏడు ఇంకొక్క ఛాన్సుంది నీకు. రేపు పొద్దుగాల రా. ఎవ్వనికీ చెప్పకు."

శ్రీశైలం తల వంచుకుని వెళ్లిపోయాడు. వస్తాడో రాడో తెలియక దశరథం మర్నాడు చీకటి విడవకముందే మైదానంలో ఒక్కడే నిలబడ్డాడు. వాడు వచ్చాడు. ఆలస్యంగా, మూతి ముడుచుకుని వచ్చాడు. అయినా వచ్చాడు.

అట్లా రోజూ సాగింది. జట్టు రాకముందే గురువూ శిష్యుడూ ఇద్దరూ మట్టిలో దొర్లేవారు. దశరథం తన ముసలి కాలు ముందుకు చాచి, "పట్టు" అనేవాడు. వాడు పట్టేవాడు. ఆయన విదిలించేవాడు. వాడు పడేవాడు. "గాడిదా, నడుము!" అని మళ్లీ చాచేవాడు.

ఒకనాడు మంచు ఇంకా వీడకముందే ఉపేందర్ కారు గేటు లోపలికి వచ్చింది. ఆయన దిగి, ఉన్ని టోపీ సర్దుకుంటూ, మైదానం మధ్యలో దృశ్యం చూసి ఆగిపోయాడు. జట్టులో లేని కుర్రాడొకడు. అతని నడుము రెండు చేతులా పట్టుకుని ముందుకు నెడుతున్న ఎంపికదారు. ఇద్దరి ఒళ్లంతా మన్ను.

"దశరథం గారూ! ఇదేమిటి? ఈ యువకుడు మీ జట్టులోని వాడు కాడు గదా. వేకువనే వచ్చి ఇతనికి ప్రత్యేకముగా శిక్షణ ఇచ్చుచున్నారా?"

శ్రీశైలానికి సంగతి అర్థమైంది. సారు మళ్లీ బల్లల గదికి పోతాడు, అది తన మూలంగా.

దశరథం వాడి నడుము వదల్లేదు. తల మాత్రం తిప్పి చూశాడు.

"శిక్షణ గాదు సార్," అన్నాడు. "శిక్ష."

ఉపేందర్ ముఖం విప్పారింది. కుర్రాడి గీరుకుపోయిన మోకాళ్లు, వాచిన మోచేయి, ఎగశ్వాస అన్నీ శ్రద్ధగా పరికించాడు. అనుబంధపు జాడ ఎక్కడా కనబడలేదు.

"భేష్," అన్నాడు. "కొనసాగించండి."